ముందు నకలు, తర్వాతే మరమ్మతు: బాలాజీ కాలనీ డీటీపీ సెంటర్ హార్డ్ డిస్క్ కేసు

2024 మే మొదటి వారం, మంగళవారం. తిరుపతిలో గంగజాతరకి ఇంకా చాటింపు వేయలేదు. ఎండ మాత్రం నలభై దాటి కాస్తోంది. బాలాజీ కాలనీలో డీటీపీ సెంటర్ నడిపే అక్క, సీపీయూని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆటోలో లీలామహల్ సర్కిల్ దగ్గరున్న మా షాపుకి వచ్చారు. కౌంటర్ మీద దించుతూ ఆమె అన్న మొదటి మాట ఇది:

"తమ్ముడూ, మూడు వారాల నుంచి నత్తనడక నడస్తా ఉండాది. నాలుగు రోజుల నుంచి కిర్రు కిర్రుమంటా ఉండాది. నిన్న తెలిసిన అబ్బాయి వచ్చి ఏదో రిపేరు పెట్టి పోయినాడు. రాత్రంతా ఆన్‌లోనే పెట్టమన్నాడు. తెల్లారేసరికి నలుపు స్క్రీన్ మీద పదకొండు శాతం దగ్గర నిలబడి ఉండాది."

ఆ పదకొండు శాతం అన్న మాట వినగానే నాకు సగం సంగతి అర్థమైంది. విండోస్‌లో ఉండే చెక్ డిస్క్‌ని, చెడిపోతున్న సెక్టార్లను (డిస్క్ మీద డేటా దాచే చిన్న చిన్న గళ్లను) కూడా వెతికే పద్ధతిలో నడిపారు. అలవాటుగా చాలామంది చేసే పని ఇది. మంచి డిస్క్ మీద ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే ఏర్పాటులోని తప్పులు సరిదిద్దడానికి చెక్ డిస్క్ పనికొస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద మాత్రం అది రెండు రకాలుగా చేటు చేస్తుంది. చదవలేని చోటనే పదేపదే చదివిస్తుంది. పైగా తను అర్థం చేసుకోలేని ఎంట్రీలను "పాడైపోయింది" అని కొట్టేసి, ఆ కొట్టివేతను అదే డిస్క్ మీద రాస్తుంది. ఈ కేసులో మాకు ఎదురైన కష్టంలో ఎక్కువ భాగం ఆ ఒక్క రాత్రిలో పుట్టిందే. మిగతాది డిస్క్ వయసు.

నేను సీపీయూ ఆన్ చేయలేదు. "ఒకసారి వేసి చూపించు తమ్ముడూ, నీకే తెలుస్తాది" అని ఆమె రెండుసార్లు అడిగారు. వద్దని చెప్పాను. ఇలాంటి డిస్క్‌కి ఇంకెన్నిసార్లు తిరిగే ఓపిక ఉందో ఎవరూ చెప్పలేరు. ఉన్న ఆ కాస్త ఓపికను విండోస్ లోగో చూడటానికి ఖర్చు చేయకూడదు. ముందు ఆమెను కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ తెప్పించి, కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకున్నాను. ఇందులో ఏముంది? వేరే ఎక్కడైనా ఇంకో కాపీ ఉందా? అన్నీ రాకపోతే, ఏది వస్తే మీకు నిద్ర పడుతుంది?

మూడో ప్రశ్నకి ఆమె వెంటనే జవాబు చెప్పారు. ఎస్వీ యూనివర్సిటీలో తెలుగులో పరిశోధన చేస్తున్న ఒక అబ్బాయి సిద్ధాంత గ్రంథం. గంగజాతర వేషాల మీద. ఏడు అధ్యాయాలు, మూడు వందల పేజీల పైమాట. ఇంకో పన్నెండు రోజుల్లో సమర్పించాలి. మొదటి రెండు అధ్యాయాలు అతని పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, మిగతావన్నీ ఈ డిస్క్‌లోనే. ఆ తర్వాత, ఎవరు ఎంత బాకీ ఉన్నారో రాసుకున్న ఎక్సెల్ ఖాతా. ఆ తర్వాత పదహారేళ్ల పెళ్లికార్డుల డిజైన్లు. విండోస్, సినిమాలు, పాటలు పోయినా పరవాలేదన్నారు. ఆ కాగితాన్ని పని అయిపోయేదాకా నా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను. ఏ దశలో ఆపాలి, ఏ దశలో ఇంకాస్త సాహసం చేయాలి అనేది డిస్క్ ఒక్కటే తేల్చదు, ఆ కాగితం కూడా తేలుస్తుంది.

డిస్క్ చెప్పిన ఆరోగ్యం

డిస్క్ బయటికి తీశాను. మూడున్నర అంగుళాల డెస్క్‌టాప్ డిస్క్, ఒక టీబీ, నిమిషానికి 7,200 చుట్లు, 2016లో కొన్నది. సీపీయూ లోపల జిరాక్స్ కాగితం పొడి పేరుకుని, ముందువైపు గాలి రంధ్రాలు నెయ్యి పట్టిన జల్లెడలా మూసుకుపోయి ఉన్నాయి. డిస్క్ మీద మాస్కింగ్ టేప్ అతికించి సీరియల్ నంబర్‌లోని చివరి నాలుగు అంకెలు స్కెచ్ పెన్నుతో పెద్దగా రాశాను. ఈ టేపు ఎందుకో తర్వాత చెప్తాను.

నా దగ్గర ఈ పనికే కేటాయించిన పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. అది విండోస్ బదులు, పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌తో లేస్తుంది. ఏ డిస్క్ తగిలించినా దానంతట అది తెరవకుండా సెట్టింగ్ పెట్టుకున్నాను. విండోస్ అయితే డిస్క్ తగలగానే దాన్ని తడుముతుంది, డ్రైవ్ లెటర్ ఇస్తుంది, ఒక్కోసారి రిపేరు కూడా మొదలుపెడుతుంది. డిస్క్‌ని నేరుగా మదర్‌బోర్డ్ మీద డిస్క్ కేబుల్ పెట్టే సాటా పోర్టుకే కలిపాను. చవకరకం యూఎస్‌బీ కన్వర్టర్ మంచి డిస్క్ కాపీకి చాలు. జబ్బు డిస్క్ జవాబివ్వడానికి ఆలస్యం చేస్తే ఆ కన్వర్టరే బిగుసుకుపోతుంది, అప్పుడు తప్పు ఎవరిదో తెలియదు.

మొదట స్మార్ట్ రిపోర్ట్ తీశాను. ప్రతి డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టా అది. దీనికి డిస్క్‌ను పెద్దగా కష్టపెట్టక్కర్లేదు, క్షణంలో వచ్చేస్తుంది. అందులో నేను ముందు చూసేవి నాలుగు వరుసలు. 05 అంటే పాడైన సెక్టార్ల బదులు స్పేర్ సెక్టార్లు వాడుకున్న లెక్క. సీ5 అంటే చదవడానికి మొరాయిస్తూ, ఇంకా ఏ సంగతీ తేలని సెక్టార్ల లెక్క. సీ6 అంటే సరిదిద్దలేకపోయినవి. సీ7 అంటే కేబుల్‌లో డేటా చెడిన లెక్క. అక్క డిస్క్‌లో సీ7 సున్నా. అంటే కేబుల్ మంచిదే, మార్చి ప్రయోజనం లేదు. 05 వందల్లో ఉంది. సీ5 రెండు వేలు దాటింది.

ఆ సీ5 అంకెను కాస్త నిలబడి చూడాలి. 05 పెద్దగా ఉండి చాలాకాలంగా పెరగకపోతే, అది మానిపోయిన గాయం లాంటిది. సీ5 పెరుగుతోందంటే గాయం ఇప్పుడు కారుతోందని అర్థం. సీ5లో ఉన్న సెక్టార్ మీద కొత్తగా ఏదైనా రాస్తే డిస్క్ ఆ చోటు పనికొస్తే అదే వాడుకుంటుంది, లేకపోతే దాన్ని పక్కనపెట్టి స్పేర్ సెక్టార్ ఇచ్చేస్తుంది. ఎలాగైనా అంకె తగ్గుతుంది, చూసేవాళ్లు బాగైందనుకుంటారు. కానీ పాత సెక్టార్లో ఉన్న డేటా దాంతో పోయినట్టే. "హార్డ్ డిస్క్ బాగు చేస్తాం, బ్యాడ్ సెక్టార్లు తీసేస్తాం" అనే సాఫ్ట్‌వేర్లలో చాలావాటి పనితనం ఇంతే. ఖాళీ డిస్క్ మీద వాడుకుంటే అభ్యంతరం లేదు, డేటా ఉన్నదాని మీద వాడకండి.

ఇంకో వరుస కూడా నన్ను ఆపింది. పవర్ ఆఫ్ రిట్రాక్ట్ కౌంట్. కరెంటు ఉన్నపళంగా పోయినప్పుడు, తిరుగుతున్న పళ్లేల వేగంలో మిగిలిన శక్తితోనే డిస్క్ తన హెడ్‌లను (పళ్లేల మీద డేటా చదివే, రాసే భాగాలను) లాక్కుని గూట్లో పెట్టుకుంటుంది. అలా ఎన్నిసార్లు జరిగిందో ఆ లెక్క చెప్తుంది. అన్ని కంపెనీలూ దీన్ని ఒకేలా లెక్కించవు గానీ, ఇక్కడ వెయ్యి దాటింది. అక్కను అడిగితే, "యూపీఎస్ బ్యాటరీ పోయి రెండేళ్లైంది తమ్ముడూ, పెట్టె ఉండాది గానీ కరెంటు పోతే దాంతోపాటే ఇదీ పోతాది" అన్నారు. అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి జిరాక్స్ మిషనూ, లేజర్ ప్రింటరూ. అవి వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. నడిచిన గంటలు ఇరవై ఒక్క వేల చిల్లర. వేడి, దుమ్ము, ఉన్నట్టుండి ఆగడాలు. వీటన్నిటి మధ్య ఆ డిస్క్ ఎనిమిదేళ్లు పనిచేసిందంటే అదే గొప్ప.

నకలు తీయడం

చెడిపోతున్న డిస్క్‌లో నేను ఫైళ్లు వెతకను. ఫోల్డర్ తెరిచి ఒక్కో ఫైల్ కాపీ చేయడం మొదలుపెడితే హెడ్ అటూ ఇటూ పరిగెత్తాలి. పాడైన చోట ఒక్కో సెక్టార్ మీద డిస్క్ క్షణాల తరబడి మళ్లీమళ్లీ ప్రయత్నిస్తుంది, కాపీ అక్కడే నిలిచిపోతుంది, ఆ వెనకున్న మంచి డేటా అందకుండానే డిస్క్ కన్నుమూస్తుంది. అందుకే మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా ఫైళ్ల ఊసెత్తకుండా మొత్తాన్నీ ఒక ఇమేజ్‌గా తీసుకోవాలి. వెతకడం, రిపేరు, ప్రయోగాలు అన్నీ ఆ నకలు మీద.

దీనికి వాడేది డీడీరెస్క్యూ. ఉచితంగా దొరికే లినక్స్ ప్రోగ్రామ్. పేరులో పోలిక ఉన్నా, లినక్స్‌లో డిస్క్ కాపీ చేసే మామూలు డీడీ కమాండ్‌కీ దీనికీ చాలా తేడా ఉంది. ఇది ముందు సులభంగా వచ్చేవన్నీ తీసుకుంటుంది. చదవలేని చోటు తగిలితే మొండికేయకుండా ముందుకు దూకుతుంది, వదిలేసిన చోట్లను మ్యాప్ ఫైల్ అనే చిన్న టెక్స్ట్ ఫైల్లో రాసుకుంటుంది. తర్వాత తీరిగ్గా వెనక్కి వచ్చి ఆ వదిలేసిన ముక్కల అంచులు కత్తిరిస్తుంది, ఆ తర్వాత లోపలికి ఒక్కో సెక్టార్‌గా గీరుతుంది. మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ వేడెక్కి మనమే ఆపినా, మ్యాప్ ఫైల్ ఉంటే ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. మ్యాప్ ఫైల్ లేకుండా డీడీరెస్క్యూ నడపడం, అడ్రస్ రాసుకోకుండా ఊరంతా పెళ్లికార్డులు పంచడం లాంటిది. ఏ ఇంటికి ఇచ్చామో, ఏ ఇల్లు మిగిలిందో తెలియదు.

ఇప్పుడు ఆ మాస్కింగ్ టేపు సంగతి. ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం డిస్క్ వల్ల రాదు, మన చేతివేళ్ల వల్ల వస్తుంది. కమాండ్‌లో ముందు పాత డిస్క్ పేరు, తర్వాత కొత్త డిస్క్ పేరు ఇవ్వాలి. ఆ పేర్లు చివర ఒక్క అక్షరం తేడాతో ఉంటాయి, మెషీన్ ఆపి వేసినప్పుడు తారుమారు కూడా అవుతాయి. అటుదిటు ఇచ్చారంటే, ఖాళీ డిస్క్‌ని తెచ్చి ఉన్న డేటా మీద పోసినట్టే. అందుకే ఎంటర్ కొట్టే ముందు సీరియల్ నంబర్లు స్క్రీన్ మీద తెప్పించి, టేపు మీద రాసిన నాలుగు అంకెలతో నోటితో పైకి చదువుతూ సరిచూస్తాను. షాపులో పనిచేసే కుర్రాడు రెండోసారి చదువుతాడు. పద్నాలుగేళ్లుగా ఇదే పద్ధతి.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి మొదలుపెట్టాను. గీరే దశ వద్దని చెప్పి మొదటి విడత. నకలు పోసుకోవడానికి కొత్త రెండు టీబీల డిస్క్. పాత డిస్క్ కింద చెక్క బిళ్లలు పెట్టి, పక్కన టేబుల్ ఫ్యాన్ నేరుగా దాని మీదికి. అయినా టెంపరేచర్ 51 చూపించింది. ఇలాంటి డిస్క్‌లకి కంపెనీ పెట్టే హద్దు సాధారణంగా 60 డిగ్రీలు. మా ఊళ్లో మే నెలలో ఆ ఫ్యాన్ లేకపోతే హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

మొదటి గంట సెకనుకి 110 ఎంబీల దాకా పరుగెత్తింది. తర్వాత ఒక్కసారిగా పడిపోయింది. కేబీల్లోకి వచ్చింది, మళ్లీ లేచింది, మళ్లీ పడింది. మ్యాప్ ఫైల్‌ని బొమ్మలా చూపించే ప్రోగ్రామ్‌లో తెరిచి చూస్తే, పాడైన చోట్లు చిందరవందరగా లేవు. చారల చీరలో గీతల్లా, దాదాపు ఒకే ఎడంలో వరుసగా ఉన్నాయి. డేటా ఒక పళ్లెం ముఖం మీద కొంత, ఇంకో ముఖం మీద కొంత చొప్పున వంతులవారీగా పరుచుకుని ఉంటుంది. చారలు ఇంత క్రమంగా వస్తున్నాయంటే, అన్ని ముఖాలూ పాడవలేదు, ఒక హెడ్ గానీ అది చదివే ముఖం గానీ బలహీనపడింది. ఇది తెలిశాక ఒక నిర్ణయం సులువైంది. చారల్లో దిగకుండా, చారల మధ్యలో ఉన్నదంతా ముందు తెచ్చుకోవాలి. జబ్బున్న హెడ్‌ను ఎంత తక్కువ వాడితే మంచి హెడ్‌లు అంతసేపు బతుకుతాయి.

సాయంత్రం ఏడున్నరకి మొదటి విడత పూర్తయింది. 98.7 శాతం. వినడానికి పరీక్ష మార్కుల్లా గొప్పగా ఉంటుంది గానీ, ఒక టీబీలో మిగిలిన 1.3 శాతం అంటే 13 జీబీ. అక్క పనంతా, పదహారేళ్లదీ కలిపినా, అంతకన్నా తక్కువే ఉంటుంది. కాబట్టి శాతాలు చూసి ఎవరికీ శుభవార్త చెప్పకూడదు. అక్క ఫోన్ చేస్తే "ఇంకా చూస్తా ఉన్నాను అక్కా, రేపు చెప్తాను" అన్నాను.

ఇక్కడ ఒక చిక్కు గురించి ఆలోచించాల్సి వచ్చింది. ఇలాంటప్పుడు నేను సాధారణంగా వాడే ఒక దగ్గరి దారి ఉంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో బిట్‌మ్యాప్ అనే పట్టిక ఉంటుంది. డిస్క్‌లో ఏ చోటు నిండి ఉంది, ఏ చోటు ఖాళీ అనేది అందులో రాసి ఉంటుంది. ఆ పట్టిక ముందు తీసుకుంటే, ఖాళీ చోట్లను వదిలేసి నిండినవాటినే చదవమనొచ్చు. డిస్క్‌కి శ్రమ తగ్గుతుంది. కానీ ఈ డిస్క్ మీద ఒక రాత్రంతా చెక్ డిస్క్ నడిచింది. అది కొట్టేసిన ఫైళ్ల చోటంతా పట్టికలో "ఖాళీ" అని రాసి ఉంటుంది. మనకు కావాల్సిన అధ్యాయం సరిగ్గా ఆ ఖాళీల్లోనే పడి ఉండొచ్చు. కాబట్టి ఆ దారి వదిలేశాను. మొత్తం చదవడమే.

రాత్రి రెండో దశకి పెట్టి, షాపులోనే పడుకున్నాను. తెల్లవారి ఆరుకి 99.4. ఇంకో ఆరు జీబీ. అప్పుడు గీరే దశ మొదలుపెట్టాను. రెండు గంటలు పర్వాలేదనిపించింది. తర్వాత కొత్త చప్పుడు మొదలైంది. అంతకుముందున్న కిర్రుమనే చప్పుడు కాదు. టక్, టక్, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ టక్. హెడ్ తన దారి గుర్తులు దొరక్క, వెనక్కి పోయి మళ్లీ బయల్దేరుతోంది. స్క్రీన్ మీద డిస్క్ మాయమైంది. అప్పటికి 99.6.

అక్కడ ఆపేశాను. కరెంటు తీసేశాను. ఇంకో ప్రయత్నం చేయాలనిపిస్తుంది, ఎవరికైనా. అద్దం కింద కాగితం చూశాను. ముందు చేతికొచ్చిన దాంట్లో ఏముందో తెలుసుకోవాలి. అందులో సిద్ధాంత గ్రంథం ఉంటే ఈ డిస్క్‌ని ఇంక ముట్టుకునే పనే లేదు. లేకపోతే, ఇంకా పూర్తిగా చావని స్థితిలోనే దీన్ని చెన్నైలో క్లీన్ రూమ్ (దుమ్ము చొరబడని గది) ఉన్న ల్యాబ్‌కి పంపొచ్చు. నేను షాపులో డిస్క్ మూత తెరవను. తిరిగే పళ్లేనికీ హెడ్‌కీ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లే. మన కంటికి కనబడని దుమ్ము రేణువు కూడా ఆ సందులో బండరాయే. ఫ్రీజర్లో పెట్టడం, బియ్యం డబ్బాలో పూడ్చడం, చేత్తో తట్టడం లాంటి చిట్కాలు చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫ్రీజర్ నుంచి తీసిన డిస్క్ మీద మన వాతావరణంలో క్షణాల్లో తడి పడుతుంది. 2021 నవంబరు వరదల తర్వాత మా షాపుకి వచ్చిన డిస్క్‌లలో, తడిసినవి తడిసినట్టే తెచ్చినవాటికి కొంత దారి దొరికింది. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి ఆన్ చేసి చూసినవాటికి దొరకలేదు. ఆ కుటుంబాల ముఖాలు ఇంకా గుర్తున్నాయి.

నాలుగో అధ్యాయం

బుధవారం. ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసి, దాన్ని చదవడానికి మాత్రమే వీలయ్యేలా తెరిచాను. సిద్ధాంత గ్రంథం ఫోల్డర్ ఉంది! ఐదు అధ్యాయాలు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో శుభ్రంగా తెరుచుకున్నాయి. ఏడోది కూడా ఉంది, చివరి రెండు పేజీలు తప్ప. నాలుగోది లేనే లేదు. ఫైల్ పేరు కూడా లేదు. జాతరలో రోజుకో వేషం గురించి రాసిన అధ్యాయం, గ్రంథానికి గుండెకాయ అని ఆ పరిశోధక విద్యార్థి ఫోన్లో చెప్పాడు. ఆ తర్వాత కాసేపు అతను మాట్లాడలేదు.

జరిగింది ఇదీ. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ప్రతి ఫైల్‌కీ ఎంఎఫ్‌టీ అనే చిట్టాలో సాధారణంగా 1,024 బైట్ల రికార్డు ఒకటి ఉంటుంది. ఫైల్ పేరు, తేదీ, డిస్క్‌లో ఎక్కడెక్కడ ఉందో అన్నీ అందులోనే. నాలుగో అధ్యాయం రికార్డు పాడైన చారలో పడింది. చెక్ డిస్క్ దాన్ని చదవలేక కొట్టేసింది. ఫైల్ ఎక్కడికీ పోలేదు, దాని చిరునామా మాత్రం పోయింది.

చిరునామా లేని ఫైళ్లను వాటి ఆకారం బట్టి పట్టుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఫోటోలకి బాగా పనిచేస్తాయి. నడిపితే వేల ఫైళ్లు, పేర్లు లేకుండా, అంకెలతో వచ్చాయి. వాటిలో మన అధ్యాయాన్ని ఎలా గుర్తుపట్టాలి? వెతుకుదామంటే ఇక్కడ మన తెలుగువాళ్లకే ఉన్న ఒక అడ్డంకి. ఆ గ్రంథం టైప్ చేసింది అను ఫాంట్లలో. అది, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతి కాదు. తెరమీద "అ" కనిపిస్తుంది గానీ, ఫైల్ లోపల ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. కాబట్టి యూనికోడ్‌లో "వేషం" అని వెతికితే జన్మలో దొరకదు.

అప్పుడు అక్కకి ఫోన్ చేశాను. "అక్కా, ఆ అధ్యాయంలో మాత్రమే ఉండే మాట ఒకటి చెప్పండి. ఇంకే కార్డులోనూ, ఇంకే పుస్తకంలోనూ మీరు టైప్ చేసి ఉండకూడదు." ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "సున్నపు కుండలు" అన్నారు. జాతరలో ఒక వేషం పేరు అది. ఆమె మా షాపుకి వచ్చి, నా సిస్టమ్‌లో పేజ్‌మేకర్ తెరిచి, తను ఎప్పుడూ వాడే అదే ఫాంట్‌లో, అదే కీబోర్డ్ లేఅవుట్‌లో ఆ రెండు మాటలు టైప్ చేశారు. ఆ ఫైల్‌ని సేవ్ చేసి లోపలి బైట్లు తెరిచి చూస్తే, ఒక చిన్న గజిబిజి వరుస. మనిషి కంటికి అది అర్థంలేని గీతలు. ఆ వరుసనే తీసుకుని, మొత్తం ఒక టీబీ ఇమేజ్‌లో మొదటి బైట్ నుంచి చివరి బైట్ దాకా వెతకమన్నాను.

రెండు గంటల నలభై నిమిషాలు. మూడు చోట్ల దొరికింది. రెండు పాత సేవ్‌ల తునకలు. మూడోది పొడుగ్గా సాగింది. ఫైల్‌గా అది తెరుచుకోలేదు, మధ్యలో ఒక ముక్క చదవలేని సెక్టార్లలో పోయింది. కానీ అక్షరాలు ఉన్నాయి. ఆ గజిబిజిని కత్తిరించి తెచ్చి, ఖాళీ పేజ్‌మేకర్ పేజీలో అతికించాను. తెరనిండా డాలర్లూ కొమ్ములూ. అక్క మౌస్ తీసుకుని మొత్తం సెలెక్ట్ చేసి, ఫాంట్ మార్చారు. పేజీ మొత్తం ఒక్కసారిగా తెలుగైంది. "బైరాగి వేషం" అన్న శీర్షిక ముందు కనబడింది. ఆమె కుర్చీ వెనక్కి వాలి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి, పేరాలు కలిసిపోయాయి, పట్టికలు రాలేదు. పోయిన ముక్క రెండు పేజీలంత. విద్యార్థి చేతిరాత నోట్సు ఉంది కాబట్టి మళ్లీ టైప్ చేశారు. నాలుగు రోజులు ఇద్దరూ కూర్చుని ప్రూఫులు దిద్దారు. గడువుకి రెండు రోజుల ముందే బైండింగ్‌కి వెళ్లింది.

మిగతా ఫైళ్లలో ఏవి చెడ్డాయో తేల్చడానికి డీడీరెస్క్యూలోనే ఒక మంచి ఏర్పాటు ఉంది. చదవలేకపోయిన సెక్టార్లలో సున్నాలుంటే ఫైల్ చూడ్డానికి బాగానే ఉన్నట్టు ఉంటుంది, తెరిస్తేనే తెలుస్తుంది. కాబట్టి నకలు కాపీలో ఆ సెక్టార్లన్నిటినీ ఒక గుర్తుమాటతో నింపించి, ఆ మాట ఏ ఫైళ్లలో ఉందో వెతికాను. రెండు వందల పైచిలుకు ఫైళ్లు. ఎక్కువ భాగం విండోస్‌వి, సినిమాలు. అక్క పనికి సంబంధించినవి ముప్పై ఒకటి. వాటి జాబితా ప్రింట్ తీసి చేతికిచ్చాను. పోయినవాటి జాబితా ఇవ్వడం మా బాధ్యత. "అన్నీ వచ్చాయి" అని చెప్పి పంపేస్తే ఆరు నెలల తర్వాత ఎవరి కార్డో అడిగినప్పుడు ఆమె ఇబ్బంది పడతారు. బాకీల ఎక్సెల్ మాత్రం చెక్కుచెదరకుండా వచ్చింది.

ఆ తర్వాత పెట్టిన ఏర్పాటు

కొత్త సిస్టమ్‌లో ఎస్‌ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాలేవీ లేని డిస్క్, వేశాను. వేగం కోసం మంచిదే, కానీ అది చప్పుడు చేయదని ఆమెకు ముందే చెప్పాను. హార్డ్ డిస్క్ చాలాసార్లు కిర్రుమని హెచ్చరిస్తుంది. ఎస్‌ఎస్‌డీ ఒక పొద్దున కనబడకుండా పోవచ్చు. అందులో తుడిచేసిన ఫైల్‌ని ట్రిమ్ అనే ఏర్పాటు నిజంగానే చెరిపేస్తుంది, కాబట్టి నాలుగో అధ్యాయంలా వెతికి తీయడం కుదరదు. ఎస్‌ఎస్‌డీ వాడేవాళ్లకి బ్యాకప్ అవసరం ఇంకా ఎక్కువ.

లోకమంతా చెప్పే 3-2-1 లెక్కనే ఆమె పనికి తగ్గట్టు మలిచాము. మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. పని జరిగేది ఎస్‌ఎస్‌డీలో. రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లు, ఒకటి షాపు బీరువాలో, ఒకటి చంద్రగిరిలో వాళ్ల చెల్లెలి ఇంట్లో. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆమె మిషన్‌కి అగరుబత్తి వెలిగిస్తారు. ఆ అలవాటుకే ముడిపెట్టాం. శుక్రవారం డిస్క్ తగిలించడం, కాపీ అయ్యాక తీసేయడం, ఆ తర్వాత అగరుబత్తి. నెలకోసారి చంద్రగిరి డిస్క్‌తో మార్పిడి. తీసేయడం అనేది ముఖ్యం. ఎప్పుడూ తగిలించే ఉంచితే, పిడుగు పడినా, ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్ వచ్చినా రెండూ కలిసే పోతాయి. నడుస్తున్న సిద్ధాంత గ్రంథాలకి మాత్రం రోజూ క్లౌడ్‌లోకి, పాత వెర్షన్లు నిలిచేలా. ఊరికే సింక్ అయ్యే ఫోల్డర్‌ని బ్యాకప్ అనుకోకూడదు. ఇక్కడ పొరపాటున డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేసి, ప్రింటర్‌నీ జిరాక్స్‌నీ దాన్నుంచి తప్పించాం.

పాత డిస్క్‌ని టేపుతో సహా ఆమెకే ఇచ్చేశాను. డీటీపీ సెంటర్ డిస్క్ అంటే ఎందరి ఆధార్ కార్డులో, మార్కుల లిస్టులో అందులో ఉంటాయి. పాతసామాన్లవాడికి వేయకూడదు.

నవంబరులో బ్యాకప్ పరీక్షకి వెళ్లాను. ఆరు నెలలకోసారి వెళ్లి, నా ల్యాప్‌టాప్‌కి చంద్రగిరి డిస్క్ తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూస్తానని ముందే మాటిచ్చాను. తెరవని బ్యాకప్ ఉందో లేదో తెలియనట్టే. ఎక్సెల్ తెరుచుకుంది. ఫోటోలు తెరుచుకున్నాయి. నాలుగో అధ్యాయం కూడా తెరుచుకుంది, కానీ పేజీనిండా డాలర్లూ కొమ్ములూ. ఫైల్ భేషుగ్గా ఉంది. నా ల్యాప్‌టాప్‌లో అను ఫాంట్లు లేవు. అక్క నా వైపు చూశారు. ఆమె షాపు కాలిపోయి ఆ ఒక్క డిస్క్ మిగిలితే, ఆ డిస్క్‌లో ఉన్న తెలుగంతా ఇలాగే ఉండేది. అప్పటికప్పుడు ఫాంట్ల ఫోల్డర్, పేజ్‌మేకర్ ఇన్‌స్టాలర్, కీబోర్డ్ సెట్టింగులు మూడూ శుక్రవారం జాబితాలో చేర్చాం. ఏ గ్రంథం పూర్తయినా దానికి పీడీఎఫ్ కూడా తీసి పక్కనే పెట్టాలని ఆమె స్వయంగా రాసుకున్నారు.